పగిలిన బండ ఎవరి లెక్కలో?

సందేహాలు – సమాధానాలు

ఈ నెల కట్టలో కర్నూలు, కడప వైపు ఉత్తరాలే ఎక్కువ. అడిగింది వ్యాపారం గురించే అయినా, లోపలికి పోతే సరుకు, ధర, వడ్డీల గోడు తక్కువ. మనుషులతో పేచీలే ఎక్కువ. పెద్ద ఉత్తరాలను కుదించి వేస్తున్నాను.

ప్ర: మాకు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. పదహారు మంది పనివాళ్లు. ఒక్కొక్కరికీ నలభై వేల నుంచి అరవై వేల దాకా అడ్వాన్సు ఇచ్చి పెట్టుకున్నాం. ఉగాది పోయిన వారానికి నలుగురు చెప్పాపెట్టకుండా పక్క ఫ్యాక్టరీకి పోయారు. అడిగితే "ఇస్తాంలే అన్నా" అంటున్నారు. కేసు పెట్టొచ్చా? బాకీ తీర్చేదాకా వీళ్లను ఎవరూ పనిలో పెట్టుకోకూడదని ఫ్యాక్టరీల వాళ్లమంతా ఒక మాట మీద ఉంటే ఎట్లుంటుంది? (జీతాల పట్టీ జత చేశాను.)
— బేతంచర్ల నుంచి ఒక యజమాని

జ: ముందు మీ రెండో ప్రశ్న. ఆ మాట మీద మీరు ఉండొద్దు, పక్కవాళ్లను ఉండనివ్వొద్దు. బాకీ తీరేదాకా ఇంకో చోట పని చేయకూడదని కట్టడి పెట్టడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. మూడేళ్ల దాకా జైలు. పైగా ఆ బాకీయే రద్దయిపోతుంది. వెట్టి అంటే ఏ దొరగారి గడీలోనో జరిగేదని మనకో ఊహ. అడ్వాన్సును అడ్డం పెట్టి మనిషిని కదలనివ్వకపోతే చట్టానికి అది చాలు, గొలుసులు అక్కర్లేదు.

కేసు సంగతి. అప్పు రాబట్టుకోవడానికి సివిల్ కోర్టుకు పోవచ్చు. కానీ మీ దగ్గరున్నది సంతకాల్లేని నోటుబుక్కు అని మీరే రాశారు. వకీలు ఖర్చు, వాయిదాల చుట్టూ తిరుగుడు లెక్కేసుకోండి. పక్క ఫ్యాక్టరీ ఆయన్ను కూర్చోబెట్టి, వాళ్లంతట వాళ్లు ఒప్పుకుంటే నెలకు ఇంతని కంతులు రాసుకుని సంతకాలు తీసుకోవడం నయం.

అసలు సంగతి మీరు పంపిన పట్టీలో దొరికింది. మార్చి నెల కాగితంలో కుడివైపు "పగులు" అని ఒక గడి ఉంది. పోయిన నలుగురి పేర్ల ఎదురుగానూ ఆ గడిలో అంకెలున్నాయి. ఒకతనికి 1,150 రూపాయలు కోశారు. మిగిలిన పన్నెండు మందిలో అంత కోత పడినవాళ్లు ఇద్దరే. మీ జీతం తక్కువ కాకపోవచ్చు, చేతికొచ్చింది తక్కువ.

నాపరాయి పొరల రాయి. గనిలోంచి తీసేటప్పుడే కొన్నిటిలో కంటికి ఆనని చీలిక ఉంటుంది. చాన్నాళ్ల క్రితం కొలిమిగుండ్ల వైపు ఒక యూనిట్‌కు లెక్కలు చూడ్డానికి వెళ్లినప్పుడు ముసలి మేస్త్రీ ఒకాయన నాకిది చూపించాడు. బండను నిలబెట్టి సుత్తి పిడితో తట్టాడు. మంచి బండ ఖంగుమంది. రెండోది తడిసిన అట్టను కొట్టినట్టు మొద్దుగా పలికింది. "ఇది మిషను మీదికి పోతే రెండు ముక్కలవుతాది సామీ, ఆ ముక్కలు వీనికి అంటగడతారు" అని పక్కనున్న కుర్రాణ్ణి చూపించాడు. ముంబై వంటిళ్లలో "కడప్పా" అని పిలిచే నల్లబండ వెనక ఇంత పంచాయితీ ఉందని అక్కడ పప్పు రుబ్బుకునేవాళ్లకు తెలియదు.

పనివాడి అజాగ్రత్త వల్లే నష్టం జరిగిందని తేలాలి, అతను చెప్పేది వినాలి, ఆ తర్వాతే కోత. చట్టం అదే చెబుతుంది. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. మీరేం చేయాలంటే, లారీ దిగినప్పుడే మేస్త్రీ, మిషను మనిషి ఇద్దరూ ఉండి తట్టి చూసి, అనుమానం బండల మీద సుద్దతో గుర్తు పెట్టమనండి. గుర్తున్నది పగిలితే ఫ్యాక్టరీ లెక్క. గుర్తు లేనివాటిలో కూడా వందకు ఇన్ని పగలడం మామూలే అని ముందే ఒక అంకె అనుకుని, దాన్ని మీ ఖర్చులో వేసుకోండి. అది దాటినప్పుడు మనిషిని అడగండి. గుర్తుపెట్టే పని గంటసేపు పడుతుంది. కొత్త మనిషికి పని నేర్పడానికి నెలలు పడతాయి.

అడ్వాన్సు నెల జీతానికి మించనివ్వకండి. ఎంత ఇచ్చారు, నెలకెంత పట్టుకుంటారు, మధ్యలో మానేస్తే ఎట్లా అన్నది ఒక కార్డు మీద తెలుగులో రాసి, రెండు కాపీలు తీసి ఒకటి అతనికివ్వండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం మీలాంటి యూనిట్‌లో నియామక పత్రం ఎట్లాగూ ఇవ్వాల్సిందే. పదహారు మంది ఉన్నారు కాబట్టి ఈఎస్‌ఐ కూడా కట్టాలి. జీతం మీద యజమాని వాటా 3.25 శాతం, పనివాడి వాటా 0.75 శాతం. ఒకసారి వేళ్లు నలిగితే తెలుస్తుంది అది ఎంత చవకో.

ప్ర: నాన్నగారి కాలం నాటి బట్టల కొట్టు మాది. పద్నాలుగు మంది పనిచేస్తారు. పద్దెనిమిదేళ్లుగా ఉన్న గుమాస్తా ఇంటి మనిషితో సమానం. ఆయన కూతురి పెళ్లికి రెండు లక్షలు ఇచ్చి తిరిగి అడగలేదు. ఇప్పుడు మానేసి సొంత కొట్టు పెట్టుకుంటున్నాడు. గ్రాట్యుటీ ఇవ్వమని నోటీసు పంపాడు. మనసు విరిగిపోయింది. ఇవ్వాలా?
— ప్రొద్దుటూరు నుంచి

జ: ఇవ్వాలి. పదిమంది అంతకు మించి ఉన్న కొట్టు, అయిదేళ్లు దాటిన ఉద్యోగం, ఇంక ప్రశ్నే లేదు. ఆయన చివరి జీతం 13,000 అని రాశారు. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే 7,500. ఏడాదికి అంత చొప్పున పద్దెనిమిదేళ్లకు 1,35,000 రూపాయలు. ముప్పై రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ పడుతుంది. పెళ్లికి ఇచ్చిన రెండు లక్షలు ఇందులో జమ కట్టుకోవడానికి వీల్లేదు. అప్పుడు కానుకగా ఇచ్చి, ఇప్పుడు దానికి పద్దు రాస్తే బాగోదు కూడా.

మీకు కోపం తెప్పించింది డబ్బు కాదని నాకు అర్థమైంది. "మనవాడే నోటీసు పంపుతాడా" అన్నది. ఆ వైపు నుంచీ చూడండి. పద్దెనిమిదేళ్లు ఇంటి మనిషి అనిపించుకున్నవాడు నోరు తెరిచి డబ్బు అడగలేడు. ఏ వకీలు చేతో కాగితం రాయించడమే ఆయనకు తేలిక. ఇంటి మనిషి అన్న మాటలో ప్రేమ ఉంది, నేను కాదనను. కానీ పొద్దుపోయాక కూడా కొట్లో ఉండమనడానికి పనికొచ్చిన ఆ మాట, ఆయన వెళ్లేటప్పుడు అడ్డం తిరిగింది.

మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను, నాకు అదే ఎక్కువ భయం. ప్రొద్దుటూరు బజారులో బట్టల వ్యాపారం సగం మొహం చూసి ఇచ్చే అరువు మీదే నడుస్తుంది. పెళ్లి బట్టలు తీసుకుపోయి పంట వచ్చాక కట్టే రైతులెవరు, ఎవరి మాట నిలుస్తుంది, ఎవరిది నిలవదు అన్నది మీ ఆవర్జాలో కంటే ఆయన తలలో ఎక్కువ ఉంటుంది. కోపంతో పంపితే ఆ తల అట్లాగే కొత్త కొట్టుకు పోతుంది. చెక్కు చేతికిచ్చి, కొట్లో అందరి ముందు శాలువా కప్పి, పదిహేను రోజులు కూర్చుని బాకీలు ఒక్కొక్కటే చెప్పి రాయించమని అడగండి. కాదనడు.

మిగిలిన పదమూడు మందికీ ఈ రోజు వరకు గ్రాట్యుటీ ఎంతవుతుందో ఈ వారమే లెక్క కట్టించండి. అంకె చూసి ఉలిక్కిపడతారు. ఎల్ఐసీ వంటి సంస్థల్లో గ్రూప్ గ్రాట్యుటీ పథకాలున్నాయి. ఏడాదికింత కడుతూ పోతే ఒక్కసారిగా మీద పడదు.

ప్ర: పదిమందికి తక్కువుంటే ఏ చట్టమూ అంటదని మావాళ్లు అంటారు. నిజమేనా?
— నంద్యాల నుంచి

జ: కాదు. ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ పదిమంది నుంచి, పీఎఫ్ ఇరవై మంది నుంచి. అంతవరకే ఆ మాట నిజం. ఒక్కడు పనిచేస్తున్నా కనీస వేతనం ఇవ్వాలి, నెల జీతం పై నెల ఏడో తేదీలోపు పడాలి, ఆడా మగా ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలి. పనిలో దెబ్బ తగిలితే పరిహారం మీదే. ఈఎస్‌ఐ లేనిచోట ఆ పరిహారం మీ సొంత జేబులోంచి పోతుంది కాబట్టి, చిన్నవాళ్లకే ఎక్కువ జాగ్రత్త అవసరం.

ప్ర: మాది జిన్నింగ్ మిల్లు. పత్తి ముమ్మరంగా వచ్చే కాలంలోనే మనుషులు దొరకరు. డిసెంబరు వచ్చేసరికి కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు ఊళ్లకు ఊళ్లు సుగ్గికి (కోతల వలసకు) పోతాయి. రోజుకూలి రెండుసార్లు పెంచాం. ఆగడం లేదు.
— ఆదోని నుంచి

జ: మీరు రోజుకూలి లెక్కన చూస్తున్నారు. వాళ్లు అట్లా చూడరు. గుంటూరు వైపు మిరపకోతకు పోయే కుటుంబంలో మొగుడూ పెళ్లామూ ఇద్దరూ కోస్తారు, కాస్త ఎదిగిన పిల్లలూ చెయ్యేస్తారు. (అది తప్పే, కానీ జరుగుతోంది.) ఉండటానికి చేను గట్టున గుడిసె. ఇక్కడి ఖర్చు అక్కడ ఉండదు. రెండు మూడు నెలలకు ఒక్క మొత్తం చేతిలో పడుతుంది. దాంతో అప్పు తీరుతుంది, లేదా ఇంటి మీద రేకులు పడతాయి. మీ మిల్లులో ఆమె ఒక్కతికే పని. అతను ఆదోనిలో రోజూ అడ్డా మీద నిలబడాలి. పత్తి బండ్లు రాని రోజు మీరు ఆమెను కూడా వెనక్కి పంపేస్తారు. ఇంకో యాభై పెంచితే ఈ లెక్క మారదు.

మీకు దగ్గరలోనే ఎమ్మిగనూరు ఉంది. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. ఆ పనికే 1954లో పద్మశ్రీ వచ్చింది. సంఘం నూలు ఇచ్చేది, నేసిన బట్ట తీసుకునేది, కూలి కట్టేది. వినడానికి చిన్న పద్ధతి. వానల్లేక ఊళ్లు ఖాళీ అయ్యే ఈ నేల మీద నేతగాడు మగ్గం వదలకుండా ఉండటానికి, రేపు కూడా పని ఉంటుందన్న ధైర్యమే పెద్ద కారణమని నా ఉద్దేశం.

మిల్లును సంఘం చేయమని నేననడం లేదు. దసరా లోపలే ఆ ఊళ్లకు మనిషిని పంపండి. సుగ్గి మేస్త్రీలు అడ్వాన్సులు పంచేది దాదాపు అప్పుడే. దంపతులిద్దరికీ పని ఉంటుందని చెప్పండి. ఆమెకు జిన్ను దగ్గరైతే అతనికి బేళ్ల దగ్గరో, దిగుమతిలోనో. నెలకు కనీసం ఇన్ని రోజుల కూలి, బండ్లు వచ్చినా రాకున్నా, గ్యారంటీ అని రాసివ్వండి. సీజను ఆఖరున, ఉన్న రోజులను బట్టి ఒక మొత్తం. బండ్లు రాని రోజు నష్టం ఇప్పటిదాకా పూర్తిగా వాళ్ల నెత్తిన ఉంది. సగమైనా మీరు ఎత్తుకోకపోతే వాళ్లు ఎందుకుండాలి? అందరూ ఆగరు. పాతిక కుటుంబాలు ఆగినా మీ మిల్లు నడుస్తుంది.

ఆగినవాళ్లను క్షేమంగా చూసుకోండి. జిన్ను దగ్గర దూది తోసే ఆడవాళ్ల చీర కొంగు, జడ రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. బెల్టుకు జాలీ ఉండాలి. ఉండటమంటే గోడకు ఆనించి ఉండటం కాదు. నేను చూసిన ఒక మిల్లులో శుభ్రం చేయడానికి అడ్డమని విప్పి, మళ్లీ బిగించలేదు. తిరుగుతున్న యంత్రాన్ని ఆడవాళ్ల చేత తుడిపించడం, నూనె వేయించడం ఫ్యాక్టరీల చట్టం 1948లోనే నిషేధించింది. కొంగు లోపలికి దోపి పైన వేసుకోవడానికి పొడుగు చేతుల చొక్కాలు కుట్టించి ఇవ్వండి.

ప్ర: మా అబ్బాయి హైదరాబాదు ఉద్యోగం మాని మా హార్డ్‌వేర్ కొట్లోకి వచ్చాడు. వేలిముద్ర మిషను పెట్టాడు, నాలుగు కెమెరాలు పెట్టాడు, రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో టార్గెట్లు పెడుతున్నాడు. ఇద్దరు పాతవాళ్లు మానేస్తామంటున్నారు. ఎవరికి చెప్పాలో తోచడం లేదు.
— కర్నూలు నుంచి ఒక తండ్రి

జ: వేలిముద్ర మిషను ఉండనివ్వండి. ఎవరెన్ని గంటలు చేశారో తెలుస్తుంది. ఓవర్‌టైం డబ్బు కూడా ఆ మిషను చూసే ఇవ్వాలని మీ అబ్బాయికి చెప్పండి. సగం గొడవ అక్కడే చల్లారుతుంది. కెమెరాలు గల్లాపెట్టె మీద, గోదాము మీద ఉంటే చాలు, మనుషులు అన్నం తినే చోట వద్దు. రాత్రి మెసేజులు మాత్రం ఆపించాల్సిందే.

ఇంకొకటి, మీ అబ్బాయిని నెల రోజులు కౌంటర్ వెనక నిలబెట్టండి. మేకులు తూకం వేసి ఇవ్వాలి, సిమెంటు బస్తా ఆటోలోకి ఎత్తించాలి, పైపు జాయింటు ఏది కావాలో నోటితో చెప్పలేక చేత్తో చూపించే పల్లెటూరి మనిషికి సరైనది తీసివ్వాలి. టార్గెట్ ఎంత పెట్టాలో ఆ తర్వాత అతనికే తెలుస్తుంది.

ప్ర: ఓర్వకల్లు దగ్గర మా ఊళ్లో పొదుపు సంఘం అప్పుతో జొన్నరొట్టెలు, కారప్పొడులు చేసి ప్యాక్ చేసే చిన్న యూనిట్ పెట్టుకున్నాను. అయిదుగురు ఆడవాళ్లం. సరుకు బాగా పోతోంది. కానీ కర్నూలు దుకాణాలు మూడు నెలలు దాటినా డబ్బులివ్వవు. రెండు నెలలుగా వాళ్లకు జీతాలు ఆలస్యమవుతున్నాయి. వాళ్లు ఏమీ అనరు. అదే నాకు బాధగా ఉంది.
— ఒక సోదరి

జ: అమ్మా, వాళ్లు ఏమీ అనకపోవడం మీకు బాధగా ఉందంటే మీరు మంచి యజమాని అవుతారు. ఇప్పుడు జరుగుతున్నది చూడండి. దుకాణాల వాళ్ల వ్యాపారానికి పెట్టుబడి మీ అయిదుగురూ పెడుతున్నారు, అదీ వడ్డీ లేకుండా.

ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఉచితం. సొంతంగా తయారుచేసే చిన్న యూనిట్‌కు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం రక్షణ ఉంది. ఒప్పందం రాసుకోకపోతే సరుకు తీసుకున్న 15 రోజుల్లో, రాసుకుంటే ఎంత గడువు పెట్టుకున్నా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. మీలాంటివారికి గడువులో కట్టకపోతే, కట్టేదాకా ఆ కొనుగోలును కొన్నవాళ్లు ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోవడానికి లేదన్న నియమాన్ని 2023 ఆర్థిక చట్టం తెచ్చింది. దుకాణదారు వడ్డీకి భయపడడు, పన్నుకు భయపడతాడు. మీ బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించండి. వాళ్ల ఆడిటరే ఫోను చేస్తాడు. అప్పటికీ కదలకపోతే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

చట్టం చేసేది చేస్తుంది. మీ చేతిలో ఉన్నది ఏమిటంటే, పాత బాకీ సగమైనా రానిదే కొత్త సరుకు దించకండి. అమ్మకం పోతుందని భయపడతారు. డబ్బు రాని అమ్మకం పోతే పోయేది పిండీ చాకిరీ మాత్రమే.

మీ ఉత్తరంలో ఇంటి బియ్యం, పిల్లల ఫీజు, మిరపకాయల ఖర్చు అన్నీ ఒకే వరసలో రాశారు. రెండు డబ్బాలు పెట్టుకోండి. వచ్చిన డబ్బు మొత్తం వ్యాపారం డబ్బాలోకి. అందులోంచి ఒకటో తేదీన నలుగురి జీతం తీసినట్టే మీ జీతమూ తీసి ఇంటి డబ్బాలో వేయండి. తక్కువే కానీండి. మీ జీతం లెక్కలో లేకుండా రొట్టె ధర కడితే ఎప్పుడూ లాభమే కనిపిస్తుంది. ఒక నెల జీతాలకు సరిపడా డబ్బు పోగయ్యేదాకా కొత్త మిషను ఊసెత్తకండి. అప్పటిదాకా జీతం ఆలస్యమయ్యే నెల ఏడో తేదీ వరకు ఆగకుండా ఒకటినే నలుగురినీ కూర్చోబెట్టి ఎవరి దగ్గర ఎంత రావాలో చదివి వినిపించండి. వాళ్లలో ఎవరికో ఆ దుకాణం వీధిలో చుట్టాలుండొచ్చు.

ప్ర: తొలకరి పడితే చాలు మా మండీలో కుర్రాళ్లు వారం పది రోజులు మాయమైపోతారు. జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల వేటకు! సరిగ్గా అప్పుడే పని ఉంటుంది. తీసేసి వేరేవాళ్లను పెట్టుకోనా?
— పత్తికొండ నుంచి

జ: వేరేవాళ్లు మాత్రం పోరా? మొదటి వానకు ఎర్రమట్టిలో రాయి మెరిస్తే జీవితం మారిపోతుందన్న ఆశ మీద మీరూ నేనూ గెలవలేం. మీరు కూడా ఒక్కసారైనా పోయి ఉంటారు, నిజం చెప్పండి.

సెలవు అని పేరు పెట్టేయండి. మే నెల ఆఖరులో పిలిచి, ఒక్కొక్కరికి నాలుగు రోజులు, ఇద్దరిద్దరు చొప్పున వంతు వేయండి. చీటీలు తీయించండి. మొదటి వాన ఎవరి వంతులో పడుతుందో వరుణుడి ఇష్టం. దసరాకు దేవరగట్టు బన్నికి, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి, పీర్ల పండక్కి, ఎవరికి ఏది ముఖ్యమో అప్పుడే అడిగి గోడ క్యాలెండరు మీద రాసేయండి. చెప్పకుండా పోయేది మీరు ఒప్పుకోరన్న భయంతోనే.

వజ్రాల కోసం కాకపోయినా మీరొకసారి ఆ దారిన పోండి. ఎర్రగుడి దగ్గర అశోకుడి శిలాశాసనాలున్నాయి. దాసులతో, కూలివాళ్లతో సరిగా మసలుకోవడం ధర్మంలో భాగమని ఇరవై రెండు శతాబ్దాలకు పైగా ఆ బండలు చెబుతున్నాయి. మన మండీలకు అంత దగ్గరగా ఉన్నా, చూడ్డానికి పోయిన యజమానులు నాకు ఎక్కువమంది తగల్లేదు.

ఒకవేళ ఎవడికైనా నిజంగా వజ్రం దొరికితే వాడు మళ్లీ మీ మండీకి రాడు. మానేసినవాడికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని కొత్త వేతనాల కోడ్ చెబుతోంది. వాడికి అక్కర్లేకపోయినా లెక్క కట్టి పంపండి.